అరణ్యపర్వం పెండింగ్‌లో ఉంది

నా ల్యాప్‌టాప్‌లో 'కొల్లేరు ఫైనల్' అని ఒక ఫోల్డర్ ఉంది. పేరులో ఫైనల్ ఉంది గానీ లోపల ఫైనల్ అయింది ఏదీ లేదు. ఒక ఎక్సెల్ షీట్‌లో 112 పాత్రల పేర్లు, 60 క్వెస్టుల లిస్టు, ఐదు ఊళ్ళ మ్యాపులు ఉన్నాయి. నిజంగా కట్టింది మాత్రం ఒక్క రేవు. రేవు పక్కన ఒక పడవ. ఆ పడవలో మనిషి కూడా లేడు.

ఈఏపీసెట్ అయిపోయిన ఎండాకాలంలో, జంగారెడ్డిగూడెంలో మా మేడ మీద కూర్చుని ముగ్గురు ఫ్రెండ్స్‌మి వేసిన ప్లాన్ అది. 'మారోవిండ్' అని ఒక పాత ఫాంటసీ రోల్ ప్లేయింగ్ గేమ్ ఉంది. 2002లో వచ్చింది, అంటే వయసులో మాకంటే పెద్దది. సేల్ పెట్టినప్పుడు ఒక బిర్యానీ డబ్బులకి దొరికింది. గ్రాఫిక్స్ కార్డు లేని నా ల్యాప్‌టాప్‌లో కూడా ఆగకుండా ఆడింది. దాంట్లో బురద నేలలు, రెల్లు, పడవలు చూసి "ఒరేయ్, ఇది మన కొల్లేరు లాగే ఉందిరా" అన్నాడు మావాడు. అంతే, గేమ్ లోపల కొల్లేరు మొత్తం కట్టేద్దాం అనుకున్నాం. నాలుగు నెలల్లో ఆగిపోయింది. ఒకడు లాంగ్ టర్మ్ కోచింగ్‌కి పోయాడు, ఇంకొకడు చెన్నై పోయాడు, నేను ఇక్కడికి వచ్చా.

పాత గేములకి ఇలా పెద్ద పెద్ద మోడ్‌లు చేయడం టైమ్ వేస్ట్ అని హాస్టల్లో చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. కానీ మేం చేసినట్టు చేస్తే మాత్రం వేస్టే. ఈ రెండింటికీ మధ్య తేడా నాకు అర్థం కావడానికి ఏడాదిన్నర పట్టింది. అదే ఇక్కడ చెబుతా.

శశిరేఖ ఒరిజినల్‌లో లేదు

ముందు, గేములు ఆడని వాళ్ళ కోసం. మోడ్ అంటే ఒకరు చేసిన గేమ్‌ని తీసుకుని, ఆడేవాళ్ళే దానికి కొత్త ఊళ్ళు, కొత్త మనుషులు, కొత్త కథలు చేర్చడం. గేమ్ కంపెనీ చేయదు, జీతం ఉండదు. మారోవిండ్ కంప్యూటర్ వెర్షన్‌తో పాటే, దాన్ని తయారుచేయడానికి వాడే ఎడిటర్‌ని కూడా డిస్కులో ఇచ్చారు. "ఇదిగో మా ప్రపంచం, ఇదిగో పలుగూ పారా, మీరూ తవ్వుకోండి" అన్నట్టు.

ఇది వింతగా అనిపిస్తే 'మాయాబజార్' గుర్తు తెచ్చుకోండి. వ్యాసుడి భారతంలో శశిరేఖ లేదు. బలరాముడున్నాడు, అభిమన్యుడున్నాడు, ఘటోత్కచుడున్నాడు. ఉన్న పాత్రల మధ్యకి లేని అమ్మాయిని తెచ్చి, లేని పెళ్ళి పెట్టి మనవాళ్ళు ఎప్పుడో ఒక కథ అల్లారు. జనం నోళ్ళలో, నాటకాల్లో తిరిగి తిరిగి అది 1957లో సినిమా అయింది. ఇవాళ్టికీ మనకి ఘటోత్కచుడంటే ముందు గుర్తొచ్చేది ఆ పెళ్ళి భోజనమే. ఒరిజినల్ గేమ్ కంటే మోడ్ ఎక్కువ ఫేమస్ అయిందన్నమాట.

కాబట్టి అభిమానులు ఇంకొకరి కథలో చేయి పెట్టడం మనకి కొత్త కాదు. ఎంత పెద్దగా చేయి పెట్టాలి అన్నదే ప్రశ్న.

పద్దెనిమిది వేల గళ్ళు

మేం వేయని లెక్క ఒకటుంది, వేసుంటే మొదటి రోజే తెలిసిపోయేది. మారోవిండ్‌లో భూమి గళ్ళు గళ్ళుగా ఉంటుంది. ఒక్కో గడిని సెల్ అంటారు. ఒక సెల్ ఒక పక్క దాదాపు 117 మీటర్లు. కొల్లేరు విస్తీర్ణం 245 చదరపు కిలోమీటర్లు అని చెబుతారు. భాగిస్తే దాదాపు 18 వేల సెల్స్. రోజుకి ఒక సెల్ చొప్పున ఆదివారాలు, సెమిస్టర్ పరీక్షలు లేకుండా కట్టినా 49 ఏళ్ళు. మేం ముగ్గురం రిటైర్ అయ్యాక కూడా ఇంకా కిక్కిస గడ్డి నాటుతూ ఉండేవాళ్ళం.

అయితే ఇంత పెద్ద పని ఎవరూ చేయలేదా అంటే, చేస్తున్నారు. 'టామ్రియెల్ రీబిల్ట్' అని ఒక ప్రాజెక్ట్ ఉంది. 2001లో, అంటే మారోవిండ్ ఇంకా విడుదల కాకముందే మొదలైంది. ఆ గేమ్‌లో మనకి కనిపించేది మారోవిండ్ అనే దేశంలో వ్వార్డెన్‌ఫెల్ అనే దీవి ఒక్కటే. చుట్టూ ఉండాల్సిన అసలు నేల లేదు. ఆ నేల మొత్తం మేమే కడతాం అని అభిమానులు పూనుకున్నారు. నేను పుట్టకముందు మొదలుపెట్టారు, ఇంకా కడుతున్నారు.

వాళ్ళెలా బతికారు, మేమెలా చచ్చాం అని చూశా. వాళ్ళ దగ్గర పని ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఒక ఇంటి లోపలి భాగం ఒక ముక్క. ఒక కొండ దారి ఒక ముక్క. ఒక క్వెస్ట్ ఒక ముక్క. కొత్తగా వచ్చినవాడు ముందు చిన్న నమూనా చేసి చూపించాలి. తర్వాత ఒక ముక్క తీసుకుంటాడు. పూర్తి చేస్తే ఇంకొకరు తప్పులు చూస్తారు, ఆ తర్వాతే అసలు దాంట్లో కలుపుతారు. మధ్యలో మానేస్తే ఆ ముక్క ఇంకొకరికి వెళ్తుంది. దేశం మొత్తం అయ్యేదాకా ఆగరు. ఒక ప్రాంతం అయితే ఆ ప్రాంతం విడుదల చేస్తారు, జనం ఆడతారు.

మా ఎక్సెల్ షీట్ సంగతి వేరు. 37వ క్వెస్ట్ ఎదురుగా "హీరో ఇంటి వెనక ఆ పని" అని రాసుంది. రాసింది నేనే. ఆ పని ఏంటో ఇప్పుడు నాకే తెలీదు. ఇక బయటివాడు వచ్చి ఏం అందుకుంటాడు? మా కల పెద్దదై చావలేదు. ఇంకొకడు అందుకోవడానికి దానికి ఎక్కడా పిడి లేదు, అందుకే చచ్చింది.

ఎర్రన చేసిన పని

ఈ మాట మన సాహితీ క్లబ్‌లోనే ఒక సీనియర్ అక్కతో అంటే "అరణ్యపర్వం గురించి తెలుసా నీకు?" అంది. తెలీదు. పదో తరగతి దాకా తెలుగు సెకండ్ లాంగ్వేజ్. ఇంటర్లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నా. 98 వచ్చాయి, ఒక్క వాక్యం మాట్లాడటం రాదు. మీలో సగం మంది కేసు ఇదే అని నాకు తెలుసు, నవ్వకండి.

అక్క చెప్పింది ఇదీ. 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడి దగ్గర నన్నయ మహాభారతాన్ని తెలుగు చేయడం మొదలుపెట్టాడు. ఆదిపర్వం, సభాపర్వం అయ్యాయి, అరణ్యపర్వం సగంలో ఆగింది. 13వ శతాబ్దంలో తిక్కన వచ్చి విరాటపర్వం నుంచి చివరిదాకా 15 పర్వాలు రాశాడు. మధ్యలో ఆ అరణ్యపర్వం మిగులు అలాగే ఉంది. 14వ శతాబ్దంలో ఎర్రన ఆ ఖాళీ పూర్తి చేశాడు. అది కూడా తన రాజు పేరు మీద కాదు, నన్నయ రాసినట్టే రాజరాజ నరేంద్రుడికే అంకితంగా. నన్నయ శైలిలో మొదలుపెట్టి, మెల్లగా తిక్కన శైలిలోకి తీసుకెళ్ళి కలిపాడని పెద్దలు చెబుతారు. అతుకు కనపడకూడదని.

ముగ్గురు మనుషులు, దాదాపు మూడొందల ఏళ్ళు, ఒకరినొకరు చూసుకున్నది లేదు. గిట్‌హబ్ లేదు, డిస్కార్డ్ లేదు. అయినా ప్రాజెక్ట్ పూర్తయింది. ఎందుకంటే నన్నయ వదిలిన చోటు స్పష్టంగా ఉంది. ఏ పర్వంలో ఎక్కడ ఆగిందో ఎవరికైనా తెలుస్తుంది. పైగా పూర్తయిన పర్వాలు ఈలోపు జనం చదువుకుంటూనే ఉన్నారు.

మనం నన్నయని పొగుడుతాం, తిక్కనని పొగుడుతాం. పెద్ద మోడ్‌ల సంగతి వచ్చేసరికి నాకు మాత్రం ఎర్రనే హీరో. అందరికీ తన పేరుతో కొత్త ప్రపంచం మొదలుపెట్టాలని ఉంటుంది. ఇంకొకరి సగం పని ముందు కూర్చుని, వాళ్ళ చేతి వాటం నేర్చుకుని, దాన్ని ముగించే వాళ్ళు తక్కువ. మన క్లాసులో ప్రతి టీమ్ కొత్త యాప్ మొదలుపెడుతుంది. పోయిన బ్యాచ్ వాళ్ళు సగంలో వదిలేసిన యాప్ తీసుకున్న టీమ్ ఒక్కటి చూపించండి.

అమ్మమ్మ ముక్కలైన రోజు

పోయిన సంక్రాంతి సెలవుల్లో ఫోల్డర్ మళ్ళీ తెరిచా. 112 పాత్రలు పక్కన పెట్టేశా. ఒక రేవు, ఒక పడవ, ఒక పడవ మనిషి, ఒక చిన్న కథ. అంతే చేద్దాం అనుకున్నా. అక్కడ అసలు దెబ్బ తగిలింది.

మొదటి దెబ్బ లిపిది. మారోవిండ్ పాత ఇంజిన్‌కి ఒక నంబరుకి ఒక అక్షరం బొమ్మ అని మాత్రమే తెలుసు. అలాంటివి 256 గళ్ళు. మన గుణింతాలు, ఒత్తులు ఆ గళ్ళలో పట్టవు. ఇదే గేమ్ కోసం అభిమానులు కొత్తగా రాసిన 'ఓపెన్ ఎండబ్ల్యూ' అనే ఇంజిన్ ఉంది, దాంట్లో మనకి కావాల్సిన ఫాంట్ పెట్టుకోవచ్చు. పెట్టా. అక్షరాలైతే వచ్చాయి గానీ ఒత్తులు కిందికి దిగలేదు. 'అమ్మమ్మ' అని రాస్తే తెర మీద 'అమ్‌ మమ్‌ మ' అని విడిపోయి కనిపించింది. హల్లుకి హల్లు ఎక్కడ తగిలించాలో చెప్పే భాగం వేరే ఉంటుంది. అది లేకపోతే ఎంత మంచి ఫాంటైనా ఇంతే. దీన్ని సరిచేయడం నిజమైన సీ ప్లస్ ప్లస్ పని. తెలుగుకి ఒక్కసారి చేస్తే కన్నడకి, మలయాళానికి, హిందీకి కూడా దారి దొరుకుతుంది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ కోసం వెతుకుతున్న వాళ్ళు ఇక్కడ కాస్త ఆగి చూడండి.

సరే, ప్రస్తుతానికి సబ్‌టైటిల్స్ ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి, మాటలు గొంతుతో వినిపిద్దాం అనుకున్నా. మారోవిండ్‌లో పలకరింపులు మామూలు ఎంపీ3 ఫైళ్ళే. రికార్డు చేసి ఫోల్డర్లో పడేస్తే చాలు. పడవ మనిషి డైలాగ్ రాశా: "నేను నిన్ను దీవికి తీసుకువెళ్ళగలను, కానీ నువ్వు నాకు పది నాణేలు చెల్లించాలి."

మా అమ్మమ్మది కైకలూరు పక్క లంక గ్రామం. చిన్నప్పుడు దోనెల మీద తిరిగిన మనిషి. ఆమెకి ఫోన్లో చదివి వినిపించా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నవ్వింది.

"పడవోడు ఇట్టా మాట్టాడతాడేంట్రా? కోర్టు గుమస్తా లాగున్నాడు."

"మరెలా మాట్లాడతాడు?"

"ఎక్కు బాబూ, ఎక్కు. డబ్బులు అవతలి ఒడ్డున ఇద్దువుగాని, ముందు కదలకుండా కూచో. గడ జారిందంటే ఇద్దరం నీళ్ళల్లో ఉంటాం."

నేను వంద లైన్ల స్క్రిప్టు తప్పు లేకుండా రాయగలను. పడవ మనిషి చేత ఒక్క మాట తెలుగులో మాట్లాడించలేకపోయాను. నేను రాసింది తెలుగు అక్షరాల్లో ఉన్న ఇంగ్లీషు. ఏఐని అడిగి చూశా. అది కూడా గుమస్తానే పంపింది, కాకపోతే ఇంకాస్త మర్యాదస్తుడిని.

వేరే భాషల వాళ్ళు ఈ పని ఎప్పుడో మొదలుపెట్టారు. 2010లో జర్మనీ అభిమానుల బృందం 'ఆబ్లివియన్' గేమ్ మీద 'నెహ్రిమ్' అనే పూర్తి కొత్త ప్రపంచం కట్టింది. మాటలన్నీ జర్మన్‌లోనే. బయటివాళ్ళు సబ్‌టైటిల్స్ చదువుకుంటూ ఆడారు. 2002 నాటి 'గోథిక్ 2' మీద పోలండ్ అభిమానులు 2021లో 'ఆర్కోలోస్' కథ విడుదల చేశారు, అందులో పాత్రలు పోలిష్‌లో మాట్లాడతాయి. ఆ భాషలు రానివాళ్ళు కూడా మెచ్చుకున్నారు. మనం మాత్రం తెలుగు గేమ్ అంటే ఎప్పుడో ఎవరో వందల కోట్లు పెట్టి తీయాలి అనుకుంటూ కూర్చుంటాం. ఆలోపు ఒక పడవ మనిషి చేత తెలుగు మాట్లాడించడానికి కోట్లు అక్కర్లేదు. ఒక ఫోను, ఒక అమ్మమ్మ చాలు.

మీరు అనబోయేవి

"సొంత గేమే చేయొచ్చుగా?" చేయొచ్చు. కానీ మనిషి నడవడం, ఈత కొట్టడం, సంచిలో సరుకు పెట్టుకోవడం, గేమ్ సేవ్ అవడం, ఇవన్నీ మొదటి నుంచి రాసేసరికి మనకి డిగ్రీ అయిపోతుంది, కథ దాకా రాం. పాత గేమ్‌లో ఇవన్నీ తయారుగా ఉంటాయి. నేరుగా కథలోకి, నేలలోకి దిగొచ్చు.

"కంపెనీకి ఊరికే పని చేసి పెట్టడమేగా?" ఈ మాటలో నిజం ఉంది. మోడ్‌ని మనం మనకి నచ్చినట్టు అమ్ముకోలేం. 2015 ఏప్రిల్‌లో 'స్కైరిమ్' మోడ్‌లకి డబ్బులు తీసుకునే పద్ధతి ఒకటి పెట్టారు. ఆడేవాళ్ళు గోల చేస్తే కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. ఆ గొడవ ఇంకా తేలలేదు. అందుకే నేను కంపెనీ వస్తువుల మీద కాకుండా, మనవి అయిన కథ, గొంతులు, పటాల మీద ఎక్కువ పని పెట్టమంటాను. రేపు ఈ గేమ్ కాకపోతే ఇంకో దాంట్లోకి మోసుకెళ్ళొచ్చు.

"ప్లేస్‌మెంట్‌కి పనికొస్తుందా?" ఆస్ట్రేలియాలో నిక్ పియర్స్ అనే లాయర్ 2015లో స్కైరిమ్‌కి 'ద ఫర్‌గాటెన్ సిటీ' అనే మోడ్ చేశాడు. స్క్రిప్టుకి అక్కడి రచయితల సంఘం అవార్డు వచ్చింది. 2021లో అదే సొంత గేమ్‌గా విడుదలైంది. ఇలాంటి కథలు చెప్పి ఊరించొచ్చు గానీ, అలా అయ్యేది ఎక్కడో ఒకరికి. మా నాన్న రాత్రి ఒంటిగంటకి నా స్క్రీన్ చూసి "ఇదేమన్నా అన్నం పెడుద్దా?" అని అడిగాడు. పెట్టదు అనే చెప్పా. పామాయిల్ మొక్క వేసి మూడు నాలుగేళ్ళు గెల కోసం ఆగే మనిషి ఆయన, అయినా నా ఫోల్డర్ దగ్గర ఓపిక లేదు. తప్పు ఆయనది కాదు. మొక్క కనిపిస్తుంది, నా దగ్గర చూపించడానికి ఖాళీ పడవ తప్ప ఏం లేదు.

"మనోళ్ళు ఇలాంటివి చేయర్రా." తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. రూపాయి తీసుకోకుండా రాస్తున్న వాళ్ళు ఇవాళ్టికీ ఉన్నారు. చేస్తారు, చేయగలిగినంత ముక్క చేతికిస్తే.

ఆ అమ్మాయికి మాటల్లేవు

ఇక నా ముక్క. కొల్లేటికోట గురించి ఒక కథ చెప్పుకుంటారు. సరస్సు మధ్య దీవిలో గజపతుల కోట. చుట్టూ నీళ్ళు, శత్రువు ఒడ్డున చిగురుకోటలో దిగి ఉన్నాడు. సరస్సు నీళ్ళు సముద్రంలోకి పోయేలా ఉప్పుటేరు తవ్విస్తే నీటిమట్టం తగ్గి కోట మీదికి వెళ్ళొచ్చు. ఆ పని ఫలించాలని సేనాపతి సొంత కూతురినే బలిచ్చాడట. అందుకే ఆ కాలువకి పేరంటాల కనుమ అని పేరు.

నేను చేస్తున్న క్వెస్ట్ ఇదే. బలికి ముందు రోజు సాయంత్రం. రేవు తయారైంది, దోనె తయారైంది. పడవ మనిషి ఇప్పుడు పడవ ఆవిడ అయింది, గొంతు మా అమ్మమ్మది, మొత్తం 14 మాటలు. ఆడేవాడు దోనె ఎక్కితే లోపల ఇంకో మనిషి కూర్చుని ఉంటుంది, సేనాపతి కూతురు. తోడు లేకుండా ఎందుకొచ్చింది, ఎటు పోతోంది, పారిపోతోందా, తనే కోరి వెళ్తోందా? కథలో తండ్రి ఏం చేశాడో ఉంది, కాలువ ఏమైందో ఉంది. ఆ అమ్మాయి ఏమందో ఎక్కడా లేదు. అమ్మమ్మని అడిగితే "ఆ పిల్ల మాట ఎవడడిగాడురా" అంది.

నేను మూడుసార్లు రాశా. మూడుసార్లూ గుమస్తానే మాట్లాడాడు.

కాబట్టి ఫోల్డర్ పేరు మార్చా. ఇప్పుడది 'కొల్లేటికోట రేవు'. లోపల ఒక తెలుగు రీడ్‌మీ ఫైల్ పెట్టా. ఏం అయింది, ఏం కాలేదు, ఏ ఫైలు ఎక్కడుంది, నేను ఎక్కడ ఆగాను అని నంబర్లు వేసి రాశా. లిపి సమస్య ఒక ముక్క. పడవలో దీపం ఒక ముక్క. గూడబాతుల అరుపు ఒక ముక్క, ఆటపాక వెళ్ళి రికార్డు చేసుకు రావాలి. సేనాపతి కూతురి మాటలు ఒక ముక్క.

మొదటి మూడూ ఎలాగోలా మా బ్రాంచి వాళ్ళతో చేయించుకుంటా. నాలుగోది మాత్రం ఈ మ్యాగజైన్ చదివే మీలో ఎవరో ఒకరు రాయాలి. కోడింగ్ రానక్కర్లేదు, గేమ్ ఆడనక్కర్లేదు. శుక్రవారం సాయంత్రం క్లబ్ మీటింగ్‌కి ల్యాప్‌టాప్ తెస్తా. దోనె ఎక్కి కూర్చోండి, ఎదురుగా ఆ అమ్మాయి ఉంటుంది. ప్రస్తుతానికి మీ వైపు చూస్తుంది, అంతే.